అసమర్థుడని పేరు పెట్టుటకు ముందు



గుడివాడ దగ్గరనున్న అంగలూరులో 1910వ సంవత్సరమున పుట్టి, 1962లో కన్నుమూసిన త్రిపురనేని గోపీచంద్ గారు 1940లలో "అసమర్థుని జీవయాత్ర" అను నవల వ్రాసిరి. మనుష్యుని మనస్సు లోపలి సంగతులను విప్పి చూపిన మొదటి తెలుగు నవల ఇదియేనని పలువురు విమర్శకులు చెప్పుదురు. రచయిత హేతువాదియైన రామస్వామి చౌదరి గారి కుమారుడు గనుక మనవారిలో కొందరు ఈ పుస్తకమును తాకకపోవచ్చును. తాకవలెనని నా మనవి. అందులోని మనిషి మన పేటలలోను ఉన్నాడు.

అతని పేరు సీతారామారావు. కలవారి బిడ్డ. వంశప్రతిష్ఠ నిలుపవలెనను మాట చిన్ననాడే అతని తలకెక్కినది. లెక్క చూడక ఇచ్చును. పుచ్చుకొనువారికి కొదువ యుండునా? ఆస్తి కరిగిపోయిన తరువాత అతడు పని ముట్టడు; మాటలతోనే ప్రొద్దు పుచ్చును; భార్యయైన ఇందిరపై విరుచుకుపడును; రామయ్య తాతతో తర్కించును. తుదకు శ్మశానములో అతని బ్రదుకు ముగియును.

నేడు వైద్యులు బైపోలార్ అని పిలుచు వ్యాధి ఒకటి కలదు. దానిలో మనస్సు కొంతకాలము పొంగును, కొంతకాలము కృంగును. పొంగినప్పుడు, అనగా ఒక వారమో అంతకు మించియో, రాత్రి రెండు మూడు గంటల నిద్ర చాలును, మాట ఆగదు, అప్పు చేసియైనను దానమిచ్చును, ఎకరములు అమ్మివేయును. కృంగినప్పుడు వారముల తరబడి మంచము దిగడు, అన్నము సయింపదు, చావే మేలనుకొనును. పొంగిన దినములలో ఊరు అతనిని ధర్మప్రభువనును, సంఘము ఆసక్తిపరుడనును. కృంగిన దినములలో ఇద్దరును సోమరి అందురు. మనిషి మాత్రము ఒక్కడే.

గోపీచంద్ గారు ఈ వ్యాధిని చిత్రింపబూనలేదు. పుస్తకములోని మనిషి నాడి పట్టి రోగము చెప్పుట నా పనియు కాదు. అయినను ఇట్టివానిని ఇంట చూచినవారు ఆ దానమును, ఆ మూలపడుటను, ఆ కోపమును చదువుచు ఉలికిపడక మానరు. రచయిత కన్ను అంత నిశితమైనది. నా ఫిర్యాదు పుస్తకము పేరు మీదనే. లోపలి పుటలలో మనిషి పడు వేదనను అంత దగ్గరగా చూపిన చేయి, అట్టమీద మాత్రము "అసమర్థుడు" అని తీర్పు వ్రాసినది. నవల చదువనివారు కూడ ఆ మాటను ఎత్తుకొని ఇరుగుపొరుగున వాడుచున్నారు. దేవాలయములో పెదవులు మాత్రము కదలించిన హన్నాను ఏలీ మత్తురాలనుకొనలేదా? ఆయన చూచినది నిజమే, పెట్టిన పేరు తప్పు.

రామయ్య తాత తెలివిగలవాడు, దయగలవాడు. ఆయన మాటలు నాకిష్టము. కాని ఆయన చేతనున్న మందు తర్కమొక్కటే. జ్వరము తగిలినవానితో వాదించి జ్వరము దించలేము గదా.

ఇంకొక లోటు ఇంతకంటె పెద్దది. నవలలోని యాత్ర పల్లమునకే పోవును, మరల మెరకకు రాదు. ఈ వ్యాధి అట్లు నడువదు. దివిసీమ పల్లెకారులనడుగుడి: సముద్రమునకు పోటును కలదు, పాటును కలదు. రెంటి నడుమ నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు, మనిషి నెమ్మదిగా పొలము చేసికొనును, పిల్లలను బడికి పంపును. సీతారామారావును చూచి ఇక ఆశ లేదనుకొన్న కుటుంబము ఆ నెమ్మది కాలమును పాడుచేసికొనును. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలో కృంగినవారి దుఃఖమునకు కారణము ఎల్లరి కన్నులయెదుట నుండెను. ఇక్కడ కారణము కనబడదు గనుకనే జనులు సోమరితనమనో, చేతబడియనో చెప్పుకొందురు.

రచయితయెడల న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఆ నవల వెలువడిన నాటికి ఈ వ్యాధికి తగిన మందు ఎవరికిని తెలియదు. లిథియము అను లవణము ఉద్రేకమును అణచునని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించెను. నేటికిని అది వాడుకలోనున్నది. దానిని పుచ్చుకొనువారు రక్తపరీక్షలు తప్పక చేయించుకొనవలెను. మూత్రపిండములను, థైరాయిడును కనిపెట్టుచుండవలెను. మన బందరు ఎండలలో చెమటపట్టి నీరు చాలనిచో ఆ మందు రక్తములో హెచ్చి విషమగును. వైద్యునినడుగక మోతాదు మార్చుటయు, నెమ్మదించినదని మానివేయుటయు అపాయకరము. ప్రార్థించువారు మందు మానుమని చెప్పనక్కరలేదు.

2022లో భారత ప్రభుత్వము టెలీమానస్ అను ఉచిత సహాయము ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబగళ్లు మాటలాడుదురు, తెలుగులోను. చావు మాట ఎత్తినవానిని ఒంటరిగా విడువక, ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ నవలను మరల చదువువారు ఈసారి ఇందిరను కనిపెట్టుడి. భర్త నిద్ర, భోజనము, మాట ఎప్పుడు మారినవో ఆ ఇంట అందరికంటె ముందు ఎరుగదగినది ఆమెయే. తాతతో వాదములకు పుటలు పుటలు దొరకినవి; నీవేమి చూచితివమ్మా అని ఆమెను అడుగుటకు ఎవరికిని తోచలేదు.