‘అక్రమం’, ‘క్రమరహితం’: ఉద్యోగ క్రమబద్ధీకరణ తీర్పులపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాల అద్దెగదుల్లోనూ ప్రభుత్వోద్యోగ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి చదువుతున్నవారు ఎందరో ఉన్నారు. ప్రభుత్వ కళాశాలల్లో కాంట్రాక్టు పద్ధతిపై ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్నవారూ ఉన్నారు. ఒకే కొలువు కోసం ఈ ఇరువర్గాలు న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలవవలసి వస్తున్నది. ఈ వివాదాలపై వచ్చిన తీర్పులను తెలుగులో చర్చించేటప్పుడు ఒక పదం తెచ్చిపెడుతున్న చిక్కును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

తీర్పులు – పదభేదం

ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పోటీ లేకుండా దొడ్డిదారిన చేరినవారికి క్రమబద్ధీకరణ హక్కు లేదని తీర్పు చెప్పింది. అయితే తగిన అర్హతతో, మంజూరైన ఖాళీల్లో, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లకు పైగా పనిచేసినవారి విషయాన్ని ఒక్కసారికి పరిశీలించమన్నది. ప్రక్రియలో లోపమున్న నియామకం క్రమరహితం. చట్టాన్నే ఉల్లంఘించినది చట్టవిరుద్ధం. తెలుగులో ఈ రెండింటినీ ‘అక్రమం’ అనేస్తే భేదం చెరిగిపోతుంది. వ్యుత్పత్తి ప్రకారం అక్రమమంటే క్రమం లేనిదే. వాడుకలో మాత్రం దానికి అన్యాయమనే అర్థం స్థిరపడింది.

2024 నవంబరులో తెలంగాణ హైకోర్టు, కాంట్రాక్టు సిబ్బంది క్రమబద్ధీకరణకు ఆధారమైన 10-ఎ సెక్షన్‌ను రాజ్యాంగ విరుద్ధమన్నది. నిరుద్యోగుల వాదన నెగ్గింది. అయినా అప్పటికే క్రమబద్ధీకరణ పొందినవారిని కోర్టు కదిలించలేదు. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, కేంద్ర జల సంఘంలో దీర్ఘకాలం పనిచేసిన పారిశుద్ధ్య సిబ్బంది, తోటమాలి సేవలను క్రమబద్ధీకరించమన్నది. ‘తాత్కాలికం’ అన్న పేరుకన్నా పని స్వభావమే ప్రధానమని, ఉమాదేవి తీర్పును దీర్ఘకాల సేవను తిరస్కరించడానికి వాడుకోరాదని వివరించింది.

విమర్శ

మొదటి ధోరణి బయట వేచి ఉన్నవారి సమానావకాశాన్ని కాపాడుతుంది. రెండవది లోపల శ్రమించినవారిని కాపాడుతుంది. రెండు సమస్యలకూ మూలం ఒక్కటే: ఖాళీలను సకాలంలో భర్తీ చేయకపోవడం. ‘దొడ్డిదారి’ అన్న మాట లోపలికి వచ్చినవాడినే దోషిగా చూపుతుంది. తలుపు తీసిన ప్రభుత్వం ఆ మాటలో కనిపించదు. జగ్గో తీర్పు ప్రభుత్వ బాధ్యతను గుర్తించినా, దాని ఊరట కోర్టుకెక్కినవారికే, అదీ సర్వీసు చాలావరకు గడిచాక, దక్కింది. జరగని పరీక్ష కోసం వయోపరిమితి దాటిపోయిన అభ్యర్థికి అందులో చోటు లేదు.

ముగింపు

తీర్పుల తెలుగు వివరణల్లో ‘క్రమరహిత’, ‘చట్టవిరుద్ధ’ పదాలను విడివిడిగా వాడటం అవసరం. ఉద్యోగి హక్కు నిలుస్తుందా లేదా అన్నది పలు సందర్భాల్లో ఆ భేదంపైనే ఆధారపడి ఉన్నది.