విస్మయం చెల్లిపోయాక

1990 సెప్టెంబరు 12న స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనా అనే ఊళ్లో ఫారో దీవుల జట్టు ఆస్ట్రియాను 1–0తో ఓడించింది. ఆ మ్యాచ్ గురించి మాట్లాడేవాళ్లు గోలు దగ్గర మొదలుపెట్టి గోలు దగ్గరే ఆగిపోతారు. గోలు అందమైనదే, కాదనను. ఆట గంట దాటిన కాసేపటికి టోర్కిల్ నీల్సన్ బంతి అందుకున్నాడు, డిఫెండర్ల మధ్య సందు చూసుకుని దూసుకుపోయాడు, గోల్‌కీపర్ మైకేల్ కోన్సెల్‌కి అందకుండా నేలబారుగా కొట్టాడు. అంతా కలిపి ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు. నా మట్టుకు నాకు అసలు కావ్యం ఆ తర్వాతి అరగంట.

ఆ అరగంటలో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు. అవతల ఆ వేసవిలోనే ఇటలీలో ప్రపంచ కప్ ఆడి వచ్చిన జట్టు. ఇవతల చేపల ఫ్యాక్టరీలో పనిచేసే గోల్‌కీపర్, కలప అమ్మే ఉద్యోగం చేసుకునే నీల్సన్, ఇంకా అలాంటివాళ్లే. వాళ్లకి అది మొట్టమొదటి యూరో అర్హత మ్యాచ్. ఎలా గెలవాలో తెలియకపోవడం వేరు, గెలుస్తూ ఉన్నప్పుడు ఎలా ఉండాలో తెలియకపోవడం వేరు. రెండోదే కష్టం. కాళ్లు వణుకుతాయి, బంతి రాగానే దాన్ని వదిలించుకోవాలనిపిస్తుంది, వరస చెదురుతుంది. వీళ్ల వరస చెదరలేదు. భరతుడి నాట్యశాస్త్రం వీర రసానికి కారణాలు చెబుతూ పరాక్రమం కన్నా ముందు అసమ్మోహాన్ని లెక్కపెట్టింది. అంటే మనసు తికమకపడకుండా నిలబడటం. కత్తి దూయడం ఆ తర్వాతి సంగతి. ఆ అరగంటను చూస్తే భరతుడు ఆ వరసలో ఎందుకు చెప్పాడో తెలుస్తుంది.

లోకం మాత్రం దాన్ని అద్భుతంగానే చూసింది. తప్పు లేదు. అప్పటికి ఆ దీవుల జనాభా యాభై వేలు కూడా లేదు, మన దగ్గర ఒక మండలం పాటి. నార్వేకీ ఐస్‌లాండ్‌కీ మధ్య ఉత్తర అట్లాంటిక్‌లో 18 దీవులు, డెన్మార్క్ రాజ్యంలో ఉంటూ 1948 నుంచి స్వపరిపాలన. ఫిఫాలో చేరింది 1988లో, యుయెఫాలో చేరింది 1990లో. అలాంటి జట్టు గెలిస్తే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. కానీ అద్భుత రసానికి స్థాయీభావం విస్మయం. విస్మయానికి ఒక బలహీనత ఉంది: రెండోసారి వచ్చేసరికి సగం పలచబడుతుంది, నాలుగోసారికి అసలు రాదు. వీరానికి స్థాయి ఉత్సాహం, అది వాడేకొద్దీ పెరిగే సరుకు. ఫారో ఫుట్‌బాల్ చరిత్రంతా నాకు ఈ రసాంతరంలా కనిపిస్తుంది. అద్భుతంగా మొదలై, అద్భుతాన్ని పోగొట్టుకుంటూ, వీరంలోకి నడిచింది.

ముందు రంగస్థలం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆట నేలలోంచి పుట్టింది. ఆ దీవుల్లో ఎటు చూసినా గడ్డే. కొండలకి గడ్డి, ఇళ్ల కప్పులకి గడ్డి, మనుషుల కన్నా ఎక్కువగా గొర్రెలు. అయినా 1990లో అంతర్జాతీయ మ్యాచ్‌కి పనికొచ్చే గడ్డి మైదానం ఒక్కటీ లేదు. అందుకే ఇంటి మ్యాచ్ ఆడటానికి సముద్రం దాటి స్వీడన్‌కి వెళ్లారు. అక్కడ కరువైనది గడ్డి కాదు, చదును. కొండ నేరుగా సముద్రంలోకి దిగే చోట ఫుట్‌బాల్ మైదానమంత సమతలం దొరకడం అపురూపం. ఎయ్డి గ్రామంలో పాత మైదానం నీటి పక్కనే ఉండేది. ఒక గట్టి కిక్ అదుపు తప్పితే బంతి సముద్రం పాలు. ఇప్పుడది పర్యాటకులు గుడారాలు వేసుకునే చోటు. టోఫ్టిర్ అనే చిన్న పల్లెకి ఎగువన స్వాంగస్కార్డ్ స్టేడియం ఉంది. కొండ వాలుని తొలిచి చదును చేసి, అక్కడ గడ్డి పరిచారు. దాని ఫొటో చూసిన ప్రతిసారీ ఆట కోసం కొండనే ఒప్పించిన మొండితనం ముందు కనబడుతుంది, గోలుపోస్టులు తర్వాత కనబడతాయి.

ఇక గాలి. అక్కడ గాలి ఒక పాత్ర. ఎత్తుగా కొట్టిన బంతి ఎక్కడ దిగుతుందో కొట్టినవాడికీ తెలియదు. అందుకని బంతిని నేల మీదే ఉంచడం, మనిషికి మనిషి దగ్గరగా నిలబడటం అక్కడ శైలి కన్నా ముందు అవసరం. బ్రెజిల్ వాడి కాలిలో నాట్యం చూసి మురిసిపోయే మన కళ్లకి ఇది మొదట చప్పగానే ఉంటుంది. నాకూ ఫారో జట్టు ఆటలో లాలిత్యం పెద్దగా కనిపించదు. కనిపించేది ఔచిత్యం. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఆ గుణమే ఇక్కడ ఆటకి ప్రాణం. ఉన్న గాలికి, ఉన్న మనుషులకి, ఉన్న చోటుకి తగిన ఆట. ఒక్క అడుగు ఎక్కువ వేయరు.

ఆ మనుషుల దగ్గరదగ్గరతనానికి ఇంకో మూలం కూడా ఉందనిపిస్తుంది. ఫారో దీవుల్లో మధ్యయుగాల నుంచి వస్తున్న వలయ నృత్యం ఒకటి ఉంది. వాయిద్యం ఉండదు. చేయీ చేయీ పట్టుకుని, పొడవాటి వీరగాథ పాడుతూ, ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి. గాథలు వందల చరణాలుంటాయి. ప్రేక్షకుడికి అందులో చోటు లేదు, వచ్చినవాడు ఎవరిదో చెయ్యి పట్టుకుని కలవాల్సిందే. తాళం వేసేది నేల మీద పడే అడుగుల చప్పుడే. ఫారో జట్టు రక్షణ వరస ఎడమకి జరిగి, మళ్లీ కుడికి కొద్దిగా జరిగి, మధ్యలో ఖాళీ పడనివ్వకుండా కదలడం చూస్తే నాకు ఆ వలయమే గుర్తొస్తుంది. చారిత్రకంగా దీన్ని రుజువు చెయ్యమంటే చెయ్యలేను, రసికుడి చనువుతో అంటున్నాను.

ఆట అక్కడ పాతదే. దక్షిణాన సుదురోయ్ దీవిలోని ట్వోరోయ్రిలో 1892లోనే క్లబ్ పెట్టారు. 1904లో క్లాక్స్‌విక్‌లో కేఐ, రాజధాని టోర్షావ్న్‌లో హెచ్‌బీ. మొదటి జాతీయ లీగ్ 1942లో, అదీ బ్రిటిష్ సైన్యం దీవుల్లో తిష్ఠ వేసి ఉన్నప్పుడు. కేఐ గెలిచింది. 1944లో పోటీ జరగలేదు, కారణం యుద్ధకాలంలో బంతులు దొరకకపోవడం! ఈ ఒక్క వాక్యంలో హాస్యమూ కరుణా ఎంత విడదీయరానివిగా ఉన్నాయో చూడండి. మిగతా దశాబ్దాలు దీవికీ దీవికీ మధ్య పడవల మీద ప్రయాణాలతో, అనధికార మ్యాచ్‌లతో గడిచిపోయాయి.

హాస్యం అన్నాను కాబట్టి టోపీ సంగతి. లాండ్స్‌క్రోనాలో గోల్‌కీపర్ యెన్స్ మార్టిన్ క్నూడ్సన్ తెల్లటి ఊలు టోపీ పెట్టుకుని ఆడాడు, పైన కుచ్చుతో సహా. చిన్నప్పుడు తలకి దెబ్బ తగిలాక అలవాటైన టోపీ అది. యూరప్ పత్రికలన్నిటికీ ఆ టోపీయే దొరికింది. ఇప్పటికీ ఆ మ్యాచ్ అంటే ఆ టోపీయే. ఆహార్యం నటుణ్ణి మింగేసిందన్నమాట. నాకు ఇది కొంచెం బాధగానే ఉంటుంది. ఆ మనిషి జిమ్నాస్ట్, హ్యాండ్‌బాల్ ఆటగాడు. ఆ రాత్రి ఆస్ట్రియాకి ఒక్క గోలూ ఇవ్వనివాడు. నీల్సన్ కూడా అంతే, దేశంలో చదరంగం ఛాంపియన్. అవతలివాడి ఎత్తు తనమీదికి వచ్చేదాకా ఓపిక పట్టడం తెలిసినవాడు. వాళ్లని విదూషకులుగా చూడటం తేలిక. భరతుడు వీరాన్ని ఉత్తమ ప్రకృతి గలవారికే కేటాయించాడు. ఆ ఉత్తముడు రాజై ఉండాలని మనం అనుకున్నాం. చేపల ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు కూడా కావచ్చు.

ఆ గెలుపుతో ఆస్ట్రియా కోచ్ యోసెఫ్ హికెర్స్‌బెర్గర్ పదవి వదిలేశాడు. తర్వాత ఇదొక ఆనవాయితీ అయింది. 2014లో గ్రీస్ కోచ్ క్లాడియో రనియెరీ, 2023లో బుడాపెస్ట్ క్లబ్బు ఫెరెన్స్‌వారోష్ కోచ్ స్టానిస్లావ్ చెర్చెసోవ్, 2025లో చెక్ జట్టు కోచ్ ఇవాన్ హషెక్. వీళ్లందరి కొలువులూ ఫారో వాళ్ల చేతిలో ఓటమితోనే ఊడాయి. నవ్వొస్తుంది, పాపం అనిపిస్తుంది.

అయితే 1990 తర్వాత వెంటనే వెలుగేమీ రాలేదు. ఆ అర్హత పోటీల్లో ఇంకొక్క డ్రా, బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లాండ్‌తో. మిగతా ఆరూ ఓటములే, యుగోస్లావియా చేతిలో ఏడు గోలులు. ఏళ్ల తరబడి అదే వరస. ఈ చీకటి కాలంలోనే నాకు అన్నిటికన్నా ఇష్టమైన రెండు మ్యాచ్‌లున్నాయి, రెండూ గెలవనివే.

ఒకటి 2002 సెప్టెంబరు, టోఫ్టిర్. స్కాట్లాండ్ మీద మొదటి పన్నెండు నిమిషాల్లోనే జాన్ పీటర్సన్ రెండు గోలులు కొట్టాడు. ఆయన బడిపంతులు. చివరికి 2–2. రెండోది 2003 జూన్, టోర్షావ్న్. అవతల జర్మనీ, ఏడాది కిందటే ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన జట్టు. ఎనభై ఎనిమిది నిమిషాలు గోలు లేదు. 89వ నిమిషంలో మిరోస్లావ్ క్లోజ, ఇంజూరీ టైంలో ఫ్రెడీ బోబిచ్. 0–2. పత్రికలో అంకెలు చదివితే జర్మనీ సునాయాసంగా గెలిచినట్టే ఉంటుంది. ఆ ఎనభై ఎనిమిది నిమిషాలూ స్కోరులో ఎక్కడా కనబడవు, కానీ మ్యాచ్ అంతా అదే. కావ్యంలో వాచ్యార్థాన్ని దాటి ధ్వని పలికినట్టు, ఇక్కడ అంకెలు చెప్పనిదే చెవిలో మోగుతుంది. నిమిషం నిమిషానికీ బిగిసే ఆ నిశ్శబ్దం, జర్మన్ల పాస్‌లలో పెరిగే విసుగు, ఇంకాస్త ఓర్చుకుంటే చాలనే ఆశ, సరిగ్గా గట్టు చేరబోతుండగా అది జారిపోవడం. ఫలితం 0–0 అయి ఉంటే బాగుండేదని మనసు అంటుంది. రసం మాత్రం అలా జారిపోవడంలోనే పండింది.

కోచ్‌ల పేర్లలోనూ ఒక చమత్కారం ఉంది. 1977లో బాలన్ డి ఓర్ గెలిచిన ఆలన్ సిమోన్సెన్ 1994 నుంచి 2001 దాకా ఈ జట్టుకి పాఠాలు చెప్పాడు. కొన్నేళ్ల తర్వాత లార్స్ ఓల్సెన్ వచ్చాడు, 1992లో డెన్మార్క్ యూరో కప్ ఎత్తినప్పుడు కెప్టెన్. ఆ డెన్మార్క్ ఉన్న గ్రూపులోనే ఫారో వాళ్లు ఆస్ట్రియాను ఓడించింది. గ్రూపులో రెండో స్థానంలో ఉన్న డెన్మార్క్‌కి, యుగోస్లావియా మీద నిషేధం పడటం వల్ల చోటు దక్కింది. చరిత్ర తన పాత్రలను భలే తిప్పి తిప్పి వాడుకుంటుంది.

ఓల్సెన్ హయాంలోనే 2014 నవంబరులో గ్రీస్‌లో గెలుపు. ఫిఫా ర్యాంకింగుల్లో గ్రీస్ 18, ఫారో 187. 61వ నిమిషంలో యోవన్ సిమున్ ఎడ్ముండ్సన్ గోలు. మళ్లీ అద్భుతమన్నారు. ఏడు నెలలకి, 2015 జూన్‌లో, టోర్షావ్న్‌లో అదే గ్రీస్‌ని 2–1తో ఓడించారు. ఇది మొదటిదానికన్నా పెద్ద మలుపని నా అభిప్రాయం. ఒకసారి పిడుగు పడితే ఆకాశానిది. అదే చోట రెండోసారి పడితే ఆ చోటుని పరీక్షించాలి. పరీక్షించినవాళ్లకి కృత్రిమ పచ్చిక పరిచిన మైదానాలు, విదేశీ క్లబ్బుల్లో ఆడి వచ్చిన కుర్రాళ్లు కనిపించారు. 2010లోనే గున్నార్ నీల్సన్ మాంచెస్టర్ సిటీ గోలు ముందు నిలబడ్డాడు, ప్రీమియర్ లీగ్‌లో ఆడిన తొలి ఫారో దేశస్థుడు. 2022లో టర్కీ మీద 2–1. విస్మయం అప్పటికే పలచబడింది.

2023లో కేఐ క్లాక్స్‌విక్ బుడాపెస్ట్ వెళ్లి ఫెరెన్స్‌వారోష్‌ని 3–0తో ఓడించింది. ఒక ఫారో క్లబ్బు యూరప్ పోటీల గ్రూపు దశకి చేరడం అదే మొదలు. అక్కడ ఫ్రాన్స్ జట్టు లీల్‌తో 0–0, లుబ్‌లియానా నుంచి వచ్చిన ఒలింపియాపై 3–0. ఇవి అరగంట ఓర్చుకుని సాధించిన ఫలితాలు కావు, మొదటి నుంచీ తమకు నచ్చినట్టు ఆడి సాధించినవి. పాత ఫారో ఆటను ప్రేమించినవాడిగా నాకు చిన్న వెలితి లేకపోలేదు. ఆ బిగువు, ఆ నిరీక్షణ తగ్గింది. కానీ వెలితిని పట్టుకుని ఏడవడం రసికుడి స్వార్థం. ఆడేవాళ్లు మన విస్మయం కోసం ఎన్నాళ్లు ఓడాలి?

2025 అక్టోబరులో రసాంతరం పూర్తయింది. ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మొదట మాంటెనెగ్రో మీద 4–0. మూడు రోజులకి, 12వ తేదీన, టోర్షావ్న్‌కి చెక్ జట్టు వచ్చింది. 67వ నిమిషంలో హానుస్ సోరెన్సెన్ గోలు. 78లో చెక్‌లు సమం చేశారు. పాత ఫారో జట్టైతే ఇక్కడ వెనక్కి తగ్గి, ఒక్క పాయింటు కాపాడుకుని, అందరి చేతా శభాష్ అనిపించుకునేది. వీళ్లు ముందుకు వెళ్లారు. 81వ నిమిషంలో మార్టిన్ అగ్నార్సన్ గోలు, 2–1. ఆ మూడు నిమిషాల్లో భయం లేదు, హడావిడీ లేదు. 1990 నాటి అసమ్మోహమే, కాకపోతే అప్పుడది కాపలా కాసింది, ఇప్పుడు దండెత్తింది. కోచ్ ఎయ్డున్ క్లాక్‌స్టైన్ ఆ దీవుల మనిషే.

నవంబరులో క్రొయేషియాలోని రియేకాకి వెళ్లేసరికి వాళ్ల దగ్గర 12 పాయింట్లున్నాయి, ప్రపంచ కప్ ఆశ ఇంకా బతికే ఉంది. 16వ నిమిషంలో గేజా దావిద్ తూరి గోలుతో ఆధిక్యం కూడా వాళ్లదే. చివరికి 3–1తో ఓడిపోయారు, గ్రూపులో మూడో స్థానం దగ్గర ఆగిపోయారు. కరుణ పుట్టాలంటే దక్కవలసింది దక్కకుండా పోవాలి. ఆస్ట్రియాని గెలిచిన మనుషులకి ప్రపంచ కప్ దక్కవలసిందని ఎవరూ అనుకోలేదు, కాబట్టి వాళ్ల ఓటములు ఎవరినీ నొప్పించలేదు. రియేకాలో ఓడినందుకు మాత్రం ఫారో వాళ్లకి నిజంగానే నొప్పి పుట్టింది, మొదట గోలు కొట్టింది తామేనని తెలుసు గనక.