పెడల్ నాడి తెలిసిన చేయి

గుమ్మఘట్ట, భైరవానితిప్ప, రాయదుర్గం రోడ్ల మీద ఎండకు మాడుతూ తిరిగే పాత కార్లు మెకానిక్కుల చలవతోనే నడుస్తున్నాయి. బ్రేకు పెడల్ రాయిలా బిగుసుకుందంటే మంచి మెకానిక్ వెంటనే పానా పట్టడు. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కుతాడు. కాలు తీయకుండానే స్టార్ట్ చేస్తాడు. పెడల్ కాస్త కిందికి దిగితే తొక్కుడుకు బలం కలిపే బ్రేకు బూస్టర్‌కు గాలి లాగుడు (వాక్యూమ్) అందుతున్నట్టే. దిగకపోతే బూస్టర్ దగ్గర వాక్యూమ్ పైపు ఊడదీసి, ఇంజన్ నడుస్తుండగా కొసకు వేలు అడ్డం పెడతాడు. వేలిని గట్టిగా లాగితే అనుమానం బూస్టర్ మీదికి పోతుంది. లాగకపోతే పైపులో పగులు, వన్‌వే వాల్వు, డీజిల్ బండైతే వాక్యూమ్ పంపు చూస్తాడు. చిట్లిన రబ్బరు పైపు మారిస్తే తీరే పనికి కొత్త బూస్టర్ కొనిపించడు. బండిలో కూర్చునే వాళ్ల ప్రాణాలకూ, బండి యజమాని జేబుకూ సమానంగా విలువిచ్చే ఈ పనితనానికి చేతులెత్తి మొక్కాలి.