ఏటివాలున వనదర్శనము

బోర్నియో ద్వీపమున, మలేసియాకు చెందిన సబా రాష్ట్రములో, 560 కిలోమీటర్లు పారి సులు సముద్రమున గలియు కినబతంగాన్ నదిపై వనదర్శనమన్నది, సరంగు మోటారు నాపి పడవను ఏటివాలునకు విడిచిన పిదపనే నిజముగ ప్రారంభమగును. పగలెల్ల లోనడవిలో లేతాకులును పచ్చికాయలును మేసిన పొడుగుముక్కు కోతులు, ప్రొద్దు వాలు వేళకు గుంపులు గుంపులుగ ఒడ్డుచెట్ల మీదికి నిద్రకై చేరుచుండును; ఒకవైపు నీరుండుటచే మబ్బుమచ్చల చిరుత వచ్చు త్రోవ తగ్గును గదా! నోటికంటె క్రిందికి వ్రేలాడు ముక్కుతో మగకోతి చేయు బొంగురు ధ్వని, నీటిమీదుగ చాల దూరము వినవచ్చును.

పడవ దిగి కాలినడకను అడవి జొచ్చినవానికి కన్నులకంటె చెవులే ముందు పనికివచ్చును: హార్న్‌బిల్ పక్షి కనబడుటకు మునుపే దాని రెక్కల హోరు తలపై వినిపించును. ఒరాంగుటాన్ జాడకైతే చెట్లపై గూళ్లను చదువ నేర్వవలెను. ప్రతి సాయంకాలమును అది కొమ్మలను వంచి, ఒకదానిపై నొకటి మడిచి, పడక నల్లుకొనును. ఆకు పచ్చగ నున్న గూడు నిన్నమొన్నటిది, గోధుమవన్నె తిరిగినది పాతది, ఆకులు రాలి పుల్లల నడుమ ఆకాశము కనబడునది మరింత పాతది. జంతువు కంటబడకున్నను, గూళ్ల వయసునుబట్టి అది పోయిన దిక్కు నూహించుట నాకు దర్శనముతో సమానమైన ఆనందము. జలగలు మేజోళ్లపై ప్రాకుచున్నను ఆ చెట్టు క్రిందనే నిలువ బుద్ధి యగును.

అయితే ఇచ్చట ఇన్ని జంతువులు ఇంత సులభముగ కనబడుటకు గల హేతువును ప్రేక్షకుడు తెలిసికొనక తీరదు. కోతులు ఒడ్డుకు చేరుట స్వభావము. ఆసియా ఏనుగులలో కెల్ల చిన్నదగు బోర్నియో ఏనుగుల మంద గట్టు విడువక తిరుగుట నిర్బంధము. మన గోదావరి మండలముల రైతు లెరిగిన ఆయిల్‌పామ్ తోటలే అచ్చట నదికిరువైపుల వ్యాపించి అడవిని సన్నని పట్టీగ మిగిల్చినవి. 2005లో అభయారణ్యముగ ప్రకటింపబడిన సుమారు 26,000 హెక్టార్లును ఒక్కచోట లేవు, తునకలుగ నున్నవి. ఒరాంగుటాన్ ఈదజాలదు, ఉపనదులపై కొమ్మలు కలిపి నిలిచిన మహావృక్షములు నరకబడుటచే ఆవలి యొడ్డు దానికి పరదేశమైనది. అందుకై పరిశోధకులును గ్రామస్థులును చెట్టునుండి చెట్టునకు త్రాళ్ల వంతెనలు కట్టిరి. వానిపై మొదట నడచినవి కోతులు. ఒరాంగుటాన్ వానిని నమ్ముటకు ఏండ్లు పట్టినది.