వినని పక్కవాద్యం

ఇంట్లో ఒంటరిగా సంగీత సాధన చేసే విద్యార్థికి పెద్ద కొరత పక్కవాద్యం. ఈ కొరత తీర్చే సాఫ్ట్‌వేర్లలో ప్రసిద్ధమైనది ‘బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్’. కెనడాకు చెందిన పీజీ మ్యూజిక్ సంస్థ దీన్ని 1990లో విడుదల చేసింది. దీని గుణదోషాలను ఇక్కడ పరిశీలిద్దాం.

దీని పనితీరు సులభం. తెరపై వరుసగా గళ్లు ఉంటాయి. ఒక్కో గడి ఒక్కో బార్. వాటిలో సి, ఎఫ్, జి వంటి కార్డ్‌లు టైపు చేసి, శైలిని, శ్రుతిని, వేగాన్ని ఎంచుకుంటే బేస్, డ్రమ్స్, పియానో, గిటార్‌లతో బ్యాకింగ్ ట్రాక్ తయారవుతుంది. ‘రియల్‌ట్రాక్స్’ అనే సదుపాయంలో కళాకారులు వాయించిన రికార్డింగులనే కార్డ్‌లకు అనుగుణంగా కూర్చి వినిపిస్తుంది.

బ్లూస్ సాధనకు ఇది చక్కగా ఉపకరిస్తుంది. అక్కడ 12 బార్ల కార్డ్ వరుస మళ్లీ మళ్లీ తిరుగుతుంది. వాయించేవారి కల్పన మాత్రం ప్రతి ఆవృత్తికీ మారుతుంది. ఎన్నిసార్లు వాయించమన్నా యంత్రం విసుగుపడదు. వేగం తగ్గించమంటే తగ్గిస్తుంది, శ్రుతి మార్చమంటే మారుస్తుంది.

ఇప్పుడు మోహన రాగాన్ని తీసుకోండి. ఇందులో స, రి, గ, ప, ద మాత్రమే ఉన్నాయి. సి స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే సి కార్డ్ స, గ, ప అవుతుంది, ఇబ్బంది లేదు. ఎఫ్ కార్డ్ వేయగానే మధ్యమం, జి కార్డ్ వేయగానే నిషాదం వచ్చి చేరతాయి. రెండూ మోహనలో లేని స్వరాలే. మీ గొంతు రాగం తప్పకపోయినా, వెనుక నుంచి అన్యస్వరం వినిపిస్తూనే ఉంటుంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం అనడం కంటే, కార్డ్‌ల వ్యాకరణాన్ని రాగంపై రుద్దడంలోని లోపం అనడం సబబు.

అసలు పరిమితి మరొకటుంది. తయారైన ట్రాక్ మిమ్మల్ని వినదు. మీరు స్వరకల్పన చేస్తే వయొలిన్ విద్వాంసుడు అందుకొని బదులిస్తాడు. మీరు గొంతు తగ్గిస్తే మృదంగం తగ్గుతుంది. జాజ్ డ్రమ్మర్ కూడా అంతే. ట్రాక్ మాత్రం మీరు తడబడినా, అద్భుతంగా పాడినా ఒకే తీరున సాగిపోతుంది. దానితోనే సాధన చేసినవారికి లయ కుదురుతుంది గాని, తోటివారిని వినే అలవాటు కుదరదు. ఆ లోటు వేదికపై తొలిరోజునే బయటపడుతుంది.

కాబట్టి లయ నిలకడకూ, కార్డ్‌ల పరిచయానికీ దీన్ని వాడండి. రాగసాధనకు తంబుర శ్రుతి చాలు. దూరవిద్యలో తోడు దొరకడం కష్టమే. అయినా వారానికి ఒక్కసారైనా, కనీసం చేత్తో తాళం వేసే మనిషినైనా ఎదుట కూర్చోబెట్టుకొని పాడండి.

స్వయం పరీక్ష: పై ఉదాహరణలో ఎ మైనర్ కార్డ్ మోహన రాగంలో ఇముడుతుందా? దాని స్వరాలను రాసి, కారణం చెప్పండి.