రోమ్‌లో ఓటరు, ఉట్నూరులో గిరిజనుడు

కరీంనగర్ డెస్కులో కూర్చుని ఆదిలాబాద్ వార్తలు దిద్దేవాళ్లకు రోజూ తగిలే ఇంగ్లిష్ మాట ‘ట్రైబల్’. ట్రైబల్ హాస్టల్, ట్రైబల్ వెల్ఫేర్, ట్రైబల్ రైతు. తెలుగు చేస్తే ‘గిరిజన’. ఉట్నూరు నుంచో జైనూరు నుంచో వార్త వస్తుంది, అందులో ‘గిరిజన మహిళ’ అని ఉంటుంది. వెంటనే ఫోన్ చేస్తాను.

‘‘తమ్మీ, ఆమె ఎవరు? గోండా, కోలామా, పర్ధానా?’’

‘‘ట్రైబలే సార్. ఇంటిపేరు ఆత్రం అని రాసిన గద.’’

‘‘ఇంటిపేరును బట్టి చెప్పలేం. ఇంకోసారి అడుగు.’’

చెప్పలేం అన్నది నిజమే. ఆత్రం, మెస్రం వంటి ఇంటిపేర్లు గోండులకూ, కింగ్రీ వాయిస్తూ వాళ్ల వంశకథలు పాడే పర్ధాన్లకూ ఉమ్మడివి. అడిగితేనే తెలుస్తుంది. అడగడమే మా పనిలో సగం.

ఈ ‘ట్రైబ్’ పుట్టిల్లు అడవి కాదు, రోమ్ నగరం. లాటిన్‌లో ‘ట్రిబుస్’ అంటే రోమన్ పౌరుల్లో ఒక విభాగం. మొదట మూడే ఉండేవంటారు. క్రీ.పూ. 241 నాటికి 35 అయ్యాయి. ప్రతి పౌరుడూ ఏదో ఒక ట్రిబుస్‌కు చెందాలి, దాని తరఫునే ఓటు వేయాలి. పూర్తి పేరు రాసేటప్పుడు ట్రిబుస్ పేరూ రాసేవారు. అంటే ఆ మాట ఒకప్పుడు సొంత మనుషులను లెక్కపెట్టుకోవడానికి పుట్టింది. ఇంగ్లిష్‌లోకి వచ్చాక మొదట బైబిల్‌లోని ఇశ్రాయేలు పన్నెండు వంశాలకు వాడారు. మన తెలుగు బైబిల్ అనువాదకులు దానికి ఎంచుకున్న మాట గోత్రం. చాలా చక్కగా కుదిరింది. ఆ తరువాత వలస పాలన కాలంలో అదే మాట అడవుల్లో, కొండల్లో ఉండేవాళ్ల మీదికి మళ్లింది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం అయితే కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసి, ఆ ముద్రకూ ఇదే మాట వాడుకుంది. బైబిల్లో గోత్రమైన మాట సర్కారు కాగితంలోకి వచ్చేసరికి గిరిజన తెగ అయింది.

గోత్రం అన్న అర్థంలోనే చూస్తే ఆదిలాబాద్ గోండుల దగ్గర అంతకంటే పకడ్బందీ ఏర్పాటు ఉంది. దాన్ని ‘సగ’ అంటారు. నాల్వెన్, సీవెన్, సార్వెన్, యేర్వెన్. అంటే నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వాళ్లు. ఒకే సగలో పెళ్లి కుదరదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశంలోకి కోడళ్లుగా వచ్చినవాళ్లను నాగోబాకు పరిచయం చేసే ‘భేటింగ్’ జరుగుతుంది. అది అయ్యాకే ఆ కోడలు పూర్తిగా మెస్రం ఇంటి మనిషి. ఇంత నిక్కచ్చిగా ఎవరు ఎవరో తేల్చుకునే వాళ్లను మనం ఒక్క మాటలో కట్టేసి ‘గిరిజనులు’ అని హెడ్డింగ్ పెడతాం.

గోండు అన్న పేరు కూడా బయటివాళ్లు పెట్టిందే. గోండిలో వాళ్లు తమను కోయితూర్ అంటారు. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం చనిపోయిన తరువాత నిజాం ప్రభుత్వం తరఫున ఇక్కడికి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి వాళ్లతో కలిసి బతికాడు. ఆయన ఈ పేర్లన్నీ శ్రద్ధగా రాసి పెట్టాడు. ఇప్పుడు తెలంగాణ ఎస్టీ జాబితాలో గోండుల పక్కన కోయితూర్ కూడా ఉంది. తెలుగులో మాట్లాడేటప్పుడు వాళ్లే గోండులమని చెప్పుకుంటారు గనుక పత్రికలో ఆ పేరే వాడతాం. మొత్తంగా చెప్పాల్సి వస్తే ఆదివాసీలు అంటాం. ఆదిలాబాద్ ఊళ్లలో వాళ్లు కోరేది ఆ మాటే.

రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా కూడా ‘ఆదివాసీ’ అన్న మాట కోసమే పట్టుబట్టారు. షెడ్యూల్డ్ ట్రైబ్ అంటే జాబితాలో ఉన్న పేరు, చట్టానికి కచ్చితమైన అర్థం కావాలి అన్నది అంబేడ్కర్ జవాబు. చట్టానికి జాబితా కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. సర్టిఫికెట్, సీటు, భూమి హక్కు దాని మీదే నిలబడతాయి. కానీ చితికిన పత్తి చేను గురించి రాసే వార్తకు జాబితాతో పనేముంది?

ఈ మధ్య కొత్త మాట ఒకటి వచ్చి చేరింది, ‘పీవీటీజీ’. మన రాష్ట్రంలో కోలాం, తోటి, చెంచు, కొండరెడ్డి సమూహాలకు కేంద్రం వాడే ‘పర్టిక్యులర్లీ వల్నరబుల్ ట్రైబల్ గ్రూప్’ అన్న మాటకు పొట్టి పేరు అది. అధికారుల ప్రకటనల్లో ‘పీవీటీజీలకు ఇళ్లు’ అని వస్తుంది. కోలాంలు తమ భాషలో కోలావార్. ఊరి దేవతల పూజ వాళ్లే చేస్తారని గోండులు వాళ్లను పూజారులని పిలుస్తారు. నేను ప్రకటనలోని ఆ నాలుగక్షరాలూ తీసేయించి, ఆ ఊళ్లో ఉన్నది ఎవరో కనుక్కుని కోలాంలు, తోటీలు అని విడివిడిగా రాయిస్తాను. హెడ్డింగ్ రెండో లైనులోకి పోతుంది. పోనీ, ఫొటో కాస్త చిన్నది చేస్తే చాలు.