పేరు రాయని దుశ్శాసనుడు

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివాళ్ళ పక్కన కూర్చుంటే నా చూపు ద్రౌపది దగ్గర ఆగదు, దుశ్శాసనుడి మీదికి పోతుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ఊరేసి తీసిన నల్లటి కసిమి. వెదురు కలంతో ఒక్క ఊపులో గీసిన మీసం. అది ఎవడి మీసమైనా కావచ్చు. కథ అంచుల్లో తెలుగులో రాసుంటుంది గానీ, చూసేవాడి కడుపులో ఉన్న పేరు ఎక్కడా ఉండదు.

డచ్చివాళ్ళ అచ్చుబొమ్మల్లోనూ ఇదే తంతు. మార్టెన్ వాన్ హేమ్స్‌కెర్క్ గీయగా ఫిలిప్స్ గాలే రాగిరేకు మీద చెక్కిన ఎస్తేరు కథ 1564 నాటిది. యూదుల్ని తుడిచిపెట్టబోయిన హామాను, మొర్దెకై కోసం తాను చేయించిన ఉరికొయ్యకే వేలాడతాడు. మన చర్చిల్లో పిల్లలకు కూడా తెలుసు. నాలుగేళ్ళకు, 1568లో, డచ్చివాళ్ళు స్పెయిన్‌తో యుద్ధానికి దిగారు. 1648 దాకా అది తెగలేదు. ఆ కాలంలో ఎస్తేరు జనమంటే తామేనని, హామాను అంటే స్పెయిన్ పంపిన ఆల్బా డ్యూకు లాంటివాడని చదువుకున్నారు. గీసిన రోజున ఆ యుద్ధమే లేదు. ఒక్క రేకు నుంచి దిగిన కాగితాలు ఇళ్ళకు చేరితే, మిగతాది ఇళ్ళవాళ్ళే పూరించుకున్నారు.

అదే డచ్చివాళ్ళు 1613 నాటికి మన పక్కనే పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టుకుని, కోరమాండల్ అద్దకం గుడ్డలు ఓడలకెక్కించారు. 1621లో బాండా దీవుల్లో జాజికాయ కోసం ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ చేయించారు. అక్కడివాళ్ళు ఎస్తేరు కథ వింటే హామాను ఎవరని అనుకునేవారో!

మనవాళ్ళలో దామరాజు పుండరీకాక్షుడు గుట్టు పెట్టుకోలేదు. జలియన్‌వాలాబాగ్‌ను ‘పాంచాల పరాభవం’ అని నాటకం కట్టాడు. సర్కారుకు అర్థమైంది, నిషేధించింది. తెగువను మెచ్చుకుంటాను. పనితనంలో మాత్రం నా ఓటు కలంకారీ మీసానికే. గుడ్డ మీద ఫలానా నాయకుడి మొహం పెట్టేస్తే, అతను పదవి దిగగానే బొమ్మ కూడా పాతబడుతుంది.

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం చివర్లో దుర్యోధనుణ్ణి పెద్ద మట్టిబొమ్మగా పడుకోబెడతారు. భీముడు తొడ మీద కొడతాడు, ద్రౌపది విప్పిన జుట్టు ముడేసుకుంటుంది. ఎన్నికల ఏడాదైతే జనంలో ఎవరో ఒకరు అడక్క మానరు: “ఈసారి వీడెవురబ్బా?” ఇద్దరు రెండు పేర్లు చెప్తారు, అక్కణ్ణుంచి వాళ్ళిద్దరికీ పడుతుంది.